క్యాచ్ క్యాన్ లేని కారూ ఒక కారేనా?

దేశంలో తేలాల్సిన సమస్యలు చాలానే ఉన్నాయి. నీళ్లు, నిరుద్యోగం వగైరా. వాటిని చూసుకోవడానికి మంత్రులున్నారు. హైదరాబాద్‌లో టర్బో కారు కొన్న పౌరుడి సమస్యకు మాత్రం దిక్కు లేదు. కొన్న నెలకే జోరు పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్‌ని రీమ్యాప్ చేయించి, గాలి పీల్చే ఇంటేక్ మార్పించి, బోనెట్ ఎత్తి చూసుకుంటే ఏదో వెలితి. క్యాచ్ క్యాన్, అంటే ఇంజిన్ పొగలోని నూనెను పట్టే డబ్బా, ఎర్రది పెట్టించాలా, నీలందా? దీనిమీద బాధ్యతగా ఆలోచించేవాళ్లు కరువయ్యారు కనుక ఆ భారం మనమే మోద్దాం.

ముందు శాస్త్రం. సిలిండర్‌లో పేలిన వాయువులో కాస్త భాగం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్ కేస్‌లోకి జారుతుంది. దాన్నే బ్లో-బై అంటారు. అందులో కాలని పెట్రోలు, నీటి ఆవిరి, నూనె తుంపర కలిసి ఉంటాయి. బయటికి పంపకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు తన్నుకొస్తాయి. పాతకాలపు కార్లు ఈ పొగని ఒక గొట్టంలోంచి నేరుగా రోడ్డు మీదికే వదిలేవి. 1961 మోడల్ కార్లతో మొదలుపెట్టి కాలిఫోర్నియా వాళ్లు అది కుదరదన్నారు. మీ పొగ మీరే తాగండన్నారు. అలా ఆ పొగని ఇంటేక్ వైపు మళ్లించే పీసీవీ వాల్వ్ కార్లలోకి వచ్చింది, పొగ తిరిగి ఇంజిన్‌లోకే పోయి కాలడం మొదలైంది.

చిక్కు అక్కడే ఉంది. పొగతోపాటు నూనె కూడా ఇంటేక్‌లోకి వస్తుంది. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ లోపల పూత పడుతుంది. పెట్రోలుతో కలిసి దాని ఆక్టేన్ తగ్గిస్తే ఇంజిన్ నాక్ అవుతుంది, అంటే పెట్రోలు వేళకాని వేళ పేలి టకటకమంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోనే పడుతుంది కాబట్టి ఇంటేక్ వాల్వులను కడిగే నాథుడు లేక, వాటి వీపున మసి గడ్డకడుతుంది. వేల కిలోమీటర్ల తర్వాత ఆ మసిని అక్రోటు పెంకుల పొడితో ఊది రాల్చాల్సి వస్తుంది. ఇవన్నీ నిజాలే. ఏ ఉద్యమానికైనా అడుగున నిజం ఉండాలి, లేకపోతే పైన ఇంత కట్టడం కష్టం.

ఇక ఎంపిక. ఆయిల్ సెపరేటర్ అనే ఉత్తమజాతి పరికరం ఒకటుంది. పొగలోంచి నూనెను విడదీసి, దాన్ని తిరిగి ఇంజిన్ అడుగున నూనె నిలిచే సంప్‌లోకే పంపేస్తుంది. కొన్నిటిలో ఇంజిన్ కూలెంట్ వేడి కూడా పారుతుంది, నీటి ఆవిరి అక్కడే నీరై నూనెలో కలిసిపోకుండా. తీసి పారబోసే పని లేదు. మూత విప్పాల్సిన పని లేదు. అందుకే మనవాళ్లకి అది నచ్చదు. ఇంత ఖర్చు పెట్టాక చూడ్డానికి చుక్క నూనె కూడా మిగలకపోతే పక్కవాడికి ఏం చూపిస్తాం?

కాబట్టి డబ్బానే కావాలి. డబ్బా లోపల పలకలు, సన్నటి జల్లెడ ఉండాలి. పొగ వాటికి గుద్దుకుని, మలుపు తిరిగి, నెమ్మదించి, చల్లబడితేనే తుంపర బొట్టుగా మారుతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కొన్ని డబ్బాల లోపల ఏమీ ఉండదు. ఒక పైపులోంచి వచ్చిన పొగ లోపల ఓ చుట్టు తిరిగి, రెండో పైపులోంచి వచ్చినంత క్షేమంగా వెళ్లిపోతుంది. అయితే పైన మెరిసే రంగు, లేజర్‌తో చెక్కిన పేరు ఉంటాయి. శంఖంలో పోస్తేనే తీర్థం. లోపలి జల్లెడ ఎవరికి కనిపిస్తుంది కనుక?

బిగించే ఘట్టం మరీ గంభీరమైనది. సికింద్రాబాద్ గ్యారేజీలో మేస్త్రీ అడుగుతాడు:

"సార్, గిది పెడితే ఏమైతది?"

"ఇంజిన్‌లోకి ఆయిల్ పోదు."

"ఇప్పుడు పోతున్నదా?"

"తెలీదు. పెడితే తెలుస్తుంది."

"మరి తెలిసినంక తీసేద్దామా సార్?"

ఇలాంటి వాళ్ల వల్లే దేశం వెనకబడింది.

డబ్బాను టర్బో వేడికి దూరంగా, గాలి తగిలే చోట పెట్టాలి, చల్లగా ఉంటేనే ఆవిరి ద్రవమవుతుంది కాబట్టి. ఆచరణలో మాత్రం బోనెట్ ఎత్తగానే కంటికి ఎదురయ్యే చోట పెడతారు. మామూలు నీళ్ల పైపు నూనె తగిలి ఉబ్బి మెత్తబడుతుంది, ఆయిల్‌కి ఆగే రబ్బరు పైపే వాడాలి. క్లిప్పు వదులైతే లెక్కలోకి రాని గాలి లోపలికి దూరి, డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంది. దాన్ని అలంకారంగా భావించకూడదు. ఇంకో సంగతి, పొగకి దారులు రెండు. ఇంజిన్ తీరిగ్గా తిరుగుతున్నప్పుడు పీసీవీ వాల్వ్ దాటి ఇంటేక్ మానిఫోల్డ్‌లోకి పోతుంది. టర్బో బూస్ట్‌లో ఉన్నప్పుడు, అంటే గాలిని ఒత్తిడితో లోపలికి తోస్తున్నప్పుడు, ఆ దారి మూసుకుని, రెండో పైపులోంచి టర్బో నోట్లోకి పోతుంది. ఒక్క దారికి డబ్బా కట్టి రెండోది వదిలేసినవాళ్లు సగం విజయం సాధించినట్టు. మరికొందరు ఈ తలనొప్పి పడలేక డబ్బా నెత్తిన చిన్న ఫిల్టర్ తగిలించి పొగని బయటికే వదులుతారు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏసీలోంచి ఆ కమురు కంపు లోపలికి వస్తుంటే 1961కి ముందు కాలిఫోర్నియా ఎలా ఉండేదో సకుటుంబంగా అనుభవించవచ్చు.

అసలు ఫలితం డబ్బా తెరిచినప్పుడు చూడాలి. ఆఫీసుకీ ఇంటికీ మధ్య నాలుగు కిలోమీటర్లు తిరిగే బండిలో ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. అందుకని డబ్బాలో నూనెకన్నా నీళ్లే ఎక్కువ పడతాయి, పాలు ఎక్కువైన కాఫీ రంగులో. యజమాని దాన్ని పాత నీళ్ల సీసాలో పోసి, వెలుగుకు ఎత్తి పట్టి, ఫొటో తీసి మిత్రులకు పంపుతాడు: "ఇదంతా నా ఇంజిన్‌లోకి పోవాల్సింది!" డబ్బా ఖాళీగా ఉంటే? "చూశావా, నా ఇంజిన్ ఎంత ఆరోగ్యంగా ఉందో!" వారానికే నిండిపోతే? మేస్త్రీ అయితే పిస్టన్ రింగులు పోయాయంటాడు. యజమాని ఇంకా పెద్ద డబ్బా కొంటాడు. నిండినా, ఎండినా, పొంగినా కొన్నవాడే గెలిచే వస్తువు బజారులో మరొకటి దొరకడం కష్టం.

రేసుల్లో కూడా వాడతారు కదా అనొచ్చు. వాడతారు. ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల్లో, బ్రీదర్, అంటే క్రాంక్ కేస్ పొగ గొట్టం, బయటికి తెరుచుకుని ఉన్న కారుకి నూనె పట్టే ట్యాంకు ఉండాలని ఉంది. రెండు వేల సీసీ వరకు 2 లీటర్లు, ఆపైన 3 లీటర్లు. అది వాల్వుల ఆరోగ్యం కోసం కాదు, ట్రాక్ మీద నూనె కారి వెనక వచ్చేవాడు జారిపోకుండా. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్ రేసు ట్రాక్ మీద పొడుగాటి మలుపుల్లో ఇంజిన్‌ని పిండేవాళ్లకి సంప్‌లో నూనె ఒక పక్కకి ఒరిగి బ్రీదర్‌లోకి ఎక్కుతుంది. వాళ్లకి ఈ డబ్బా నిజంగా అవసరం. మన నగరం చూసిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ. ఆ కార్లన్నీ కరెంటువి. క్రాంక్ కేసే లేదు, పాపం. డబ్బా ఎక్కడ తగిలించుకుంటారు?

చివరిగా వారంటీ విషయం. సర్వీసు సెంటర్‌కి వెళ్లే ముందురోజు డబ్బా ఊడదీసి, కంపెనీ పైపు తిరిగి తగిలించాలి. వచ్చాక మళ్లీ బిగించాలి. రెండుసార్లూ మేస్త్రీకి కూలి. తీసిన డబ్బాను ఆయన జాగ్రత్తగా బల్ల మీద పెట్టి అడుగుతాడు:

"సార్, లోపలిది పారబోయాల్నా?"

"ఆగు, ఆగు. ఫొటో తియ్యలేదింకా!"