తీసేసిన పేరుకు కాగితం ఏది?

ఓటరు గుర్తింపు కార్డు పట్టుకొని బూత్ దాకా వెళ్లి, జాబితాలో పేరు లేదనిపించుకొని వెనుదిరిగినవారు 2018 డిసెంబరు 7న తెలంగాణలో ఎందరో. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల వారిలో ఒకరు. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పోయిన ఓటు మాత్రం పోయినట్టే.

చట్టం ఓటరు పక్షానే ఉంది. ఈ ఊళ్లో ఉండటం లేదనో, అర్హత లేదనో పేరు తీసేసే ముందు ఆ మనిషి చెప్పేది వినాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ అంటోంది. జాబితాలో ఇప్పటికే ఉన్న పేరును అధికారులు విచారించే చేర్చారన్న భావనకు విలువ ఇవ్వాలని, అనుమానం ఉంటే దాని ఆధారమేమిటో ఓటరుకు తెలపాలని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తొలగింపుపై 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు, అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. సివిల్ కోర్టుకు వెళ్లే దారిని చట్టమే మూసింది. హైకోర్టులో రిట్ వేస్తే అప్పీలు చేశారా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

చిక్కంతా ఆ 15 రోజుల దగ్గరే. గడువు ఉత్తర్వు తేదీ నుంచి నడుస్తుంది, అప్పీలుకు ఆ ఉత్తర్వు ప్రతి జతచేయాలి. పేరు పోయిందని పోలింగ్ నాడు తెలిసిన మనిషి చేతిలో ఏ కాగితమూ ఉండదు. నోటీసు తాళం వేసిన ఇంటికి వచ్చి వెనక్కి పోతుంది, లేదా రాదు. అప్పీలు హక్కు పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఉత్తర తెలంగాణలో తాళం వేసిన ఇళ్లు ఎక్కువ. మగ్గాల పనికి సూరత్, భివండి పోయిన వరంగల్, సిరిసిల్ల నేత కుటుంబాలు, గల్ఫ్‌లో ఉన్న జగిత్యాల, నిజామాబాద్ కూలీలు, ఒక గని నుంచి మరో గనికి బదిలీ అయిన సింగరేణి కార్మికులు, మిరప కోతలకు పొరుగు జిల్లాకు వెళ్లిన ములుగు కూలీలు. బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) రెండుసార్లు వచ్చి చూసి 'ఇంటి వద్ద లేరు' అని రాసుకుంటారు. అంగన్‌వాడీ పనో బడి పనో చూసుకుంటూ ఇంటింటికీ తిరిగే ఆ ఉద్యోగినే తప్పుపట్టలేం. కానీ తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదని 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మూడు నెలల కోతలకు వెళ్లినవారినీ ఇల్లమ్ముకొని వెళ్లిపోయినవారినీ ఒకే గీతతో కొట్టేయడం ఆ సెక్షన్‌కు విరుద్ధం. విదేశాల్లో ఉన్న భారత పౌరులు పాస్‌పోర్టులోని చిరునామాపై ఫారం-6ఏతో నమోదు కావచ్చు. ఓటు వేయాలంటే మాత్రం స్వయంగా రావాలి.

మరో పొరపాటు మన చేతులతో చేసుకునేది. ఇల్లు మారినప్పుడు, పెళ్లయి అత్తవారింటికి వెళ్లినప్పుడు ఫారం-8 ఇవ్వాలి. చాలామంది కొత్త ఓటరు నమోదుకు వాడే ఫారం-6 నింపుతారు. ఒకే మనిషి రెండుచోట్ల కనపడతారు. ఏరివేతలో ఒక్కోసారి ఉండాల్సిన చోటి పేరే ఎగిరిపోతుంది. ఫారం-7తో ఇతరుల పేర్లపై మూకుమ్మడిగా అభ్యంతరాలు పెట్టేవారూ ఉన్నారు. తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు అని 31వ సెక్షన్ చెబుతోంది. అలాంటి ఫారాలపై కేసులు పెడితే తప్ప ఈ ఆట ఆగదు.

బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు 2025 ఆగస్టు 1 నాటి ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకపోయాయి. వాటిని కారణాలతో సహా బూత్‌లవారీగా ప్రకటించాలని, పంచాయతీ కార్యాలయాల్లో అంటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడ కోర్టు చెప్పాక జరిగిన పనిని ఇక్కడ ఎవరూ చెప్పకముందే చేయవచ్చు.

ఓటరు చేయాల్సింది కొంత ఉంది. ముసాయిదా వచ్చిన రోజే కార్డు నంబరుతో పేరు వెతకాలి. లేకపోతే తహసీల్దారు కార్యాలయంలో తొలగింపు ఉత్తర్వు ప్రతి రాతపూర్వకంగా అడిగి, అర్జీ ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవాలి. ప్రతి చేతికందేలోపు 15 రోజులు దాటితే ఆ ముద్ర ఉన్న రసీదును జతచేసి, ఆలస్యానికి కారణం రాసి కలెక్టరుకు అప్పీలు ఇవ్వాలి. ఇంకోవైపు ఫారం-6 కూడా వేయవచ్చు. నామినేషన్ల చివరి తేదీ తర్వాత చేర్పులూ తొలగింపులూ ఉండవు. అభ్యంతరాలకు ఏడు రోజులు పోతాయి కాబట్టి ఆ తేదీకి కనీసం పది రోజుల ముందే దరఖాస్తు అందాలి. జాబితాలో పేరు లేకున్నా 'టెండర్ ఓటు' అడగొచ్చంటూ ప్రతి ఎన్నికకూ వాట్సాప్‌లో తిరిగే మాట తప్పు. మన ఓటు మరొకరు వేసిపోయినప్పుడే అది వర్తిస్తుంది.

మిగతాది యంత్రాంగం పని. ప్రతి పంచాయతీ బోర్డుపై, హనుమకొండ, కాజీపేట డివిజన్లలో ప్రతి బూత్ గోడపై, తొలగించబోయే పేరు, కారణం, విచారణ తేదీ అంటించాలి. నోటీసు ఓటరుకో, ఇంట్లో పెద్దవాళ్లకో ఇచ్చి సంతకం తీసుకోవాలి. తాళం ఉంటే తలుపుకు అంటించి ఫొటో తీయాలి. తొలగింపు ఉత్తర్వు స్పీడ్ పోస్టులో పంపాలి. అప్పీళ్లు వినేది కలెక్టర్లే కాబట్టి, తుది జాబితాపై ముద్ర పడకముందే తొలగింపు ఫైళ్లు కొన్నింటిని ప్రతి మండలం నుంచి తెప్పించుకొని, ఆ సంతకమో ఫొటోనో ఉందో లేదో చూడాలి. లేని చోట పేరు తిరిగి చేర్పించాలి.