టాలమీ నెత్తిన ఆ కిరీటం ఎవరు పెట్టారు?

క్లాడియస్ టాలమీ రాజు కాడు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఒక వ్యాసం ఖర్చుపెట్టాల్సి రావడం మన ప్రారబ్ధం. క్రీ.శ. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో తన లెక్కలేవో తను చేసుకుంటూ బతికిన ఖగోళ, భూగోళ పండితుడు ఆయన. కానీ ఆ పేరు వినపడగానే పోటీ పరీక్షల నోట్సులు రాసేవాళ్లకీ, 'మీకు తెలుసా' అంటూ ఫార్వర్డులు పంపేవాళ్లకీ, వీడియోలకు బొమ్మలు అతికించేవాళ్లకీ చేతులు దురద పెడతాయి. 'ఈజిప్టు రాజు టాలమీ మన మైసోలియా (కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల తీరం) గురించి రాశాడు' అని ఒక వాక్యం. పక్కన గడ్డం, కిరీటం, చేతిలో భూగోళం. అయిపోయింది చరిత్ర.

వీళ్ల లెక్కన రాజుగారు పొద్దున్నే కొలువు తీర్చి, నైలుకు వరద ఎంత వచ్చిందో కనుక్కుని, ధాన్యం పన్ను వసూలు చూసుకుని, భోంచేసి కాసేపు నడుం వాల్చేవారన్నమాట. సాయంత్రం మేడెక్కి 1022 నక్షత్రాలకు పట్టిక వేసి, వాటిని 48 మండలాలుగా సర్ది, నిద్రపట్టే లోపల కృష్ణా ముఖద్వారం దగ్గర రేవులేమున్నాయో రాసిపెట్టేవారు. ఇలాంటి రాజు ఒక్కడున్నా ఈజిప్టు రోమన్ల చేతికి పోయేదే కాదు.

అది పోయింది క్రీ.పూ. 30లో. ఆ ఏడు క్లియోపాత్రా చనిపోయింది, ఆమె కొడుకు పదిహేనో టాలమీని ఆక్టేవియన్ చంపించాడు, ఈజిప్టులో టాలమీల రాజ్యం ముగిసింది. మన పండితుడు తన గ్రంథంలో తనవిగా చెప్పుకున్న ఖగోళ పరిశీలనలు క్రీ.శ. 127 నుంచి 141 దాకా నడుస్తాయి. మధ్యలో నూట యాభై ఏళ్లకు పైమాటే. అప్పుడు ఏలుతున్నది రోమన్ చక్రవర్తి హేడ్రియన్, ఆ తర్వాత ఆంటోనినస్ పయస్. పేరులో ముందున్న 'క్లాడియస్' రోమన్ పౌరుల పేరు. ఇక 'టాలమీ' అంటారా, మూడు శతాబ్దాలు ఆ పేరు రాజులు ఏలిన దేశంలో అది వీధికొకరికి ఉండే పేరు.

ఈ కిరీటం మనవాళ్ల సొంత తయారీ కూడా కాదు, దిగుమతి సరుకు. ఏడో శతాబ్దంలో సెవిల్ బిషప్పు ఇసిడోర్ తన విజ్ఞాన సర్వస్వంలో ఆయన్ని 'అలెగ్జాండ్రియా రాజు' అని రాసేశాడు. వెయ్యేళ్లు గడవబోతున్నా ఎవరూ ఆ ముక్క కొట్టెయ్యలేదు. 1509-11 మధ్య వాటికన్ గోడ మీద 'స్కూల్ ఆఫ్ ఏథెన్స్' వేసిన రాఫెల్, మనకు వీపు చూపించి నిలబడ్డ టాలమీ చేతిలో భూగోళం పెట్టి, నెత్తిన కిరీటం తొడిగాడు. రాఫెల్ మహా చిత్రకారుడు, తప్పు కూడా అందంగా వేశాడు. మన నోట్సుల వాళ్లకు ఆ సాకు లేదు.

'కిరీటమేగా, గౌరవంగానే పెట్టాంగా' అంటారా? అది ఏ తలల మీంచి తీసిన కిరీటమో చూద్దాం.

మొదటి టాలమీ లాగోస్ కొడుకు, అలెగ్జాండర్ సేనాని. క్రీ.పూ. 323లో యజమాని బాబిలోన్‌లో పోగానే ఈజిప్టు తన వాటాకు తెచ్చుకున్నాడు. అంతటితో ఆగలేదు. యజమాని శవపేటిక ఊరేగింపుగా వెళ్తుంటే దారి మళ్లించి మెంఫిస్‌కు పట్టుకుపోయాడు. శవం ఎవరి దగ్గరుంటే వారసత్వం వాళ్లదని లెక్క. 305లో రాజునని ప్రకటించుకున్నాడు. అలెగ్జాండర్ దండయాత్రల చరిత్ర కూడా రాశాడు. తర్వాతి కాలపు చరిత్రకారుడు అరియన్ ఎక్కువగా నమ్ముకున్నది దాన్నే, కాబట్టి ఆ పుణ్యం ఆయన ఖాతాలో వేద్దాం. పాపం ఏమిటంటే, ఇద్దరు భార్యలకు పుట్టిన ఇద్దరు కొడుకులకు తన పేరే పెట్టుకున్నాడు. పెద్దవాడు కెరౌనోస్ టాలమీ. ఆశ్రయమిచ్చిన సెల్యూకస్‌ను, అలెగ్జాండర్ మరో సేనానిని, క్రీ.పూ. 281లో పొడిచి చంపి మాసిడోనియా సింహాసనం ఎక్కాడు. సవతి తల్లి కూతురు ఆర్సినోయీని పెళ్లాడి, ఆమె చిన్నకొడుకులు ఇద్దర్నీ చంపాడు. 279లో గాల్ సేనలు అతని పని పూర్తిచేశాయి. తప్పించుకున్న ఆమె పెద్దకొడుకు పేరు కూడా టాలమీయే. తర్వాత ఆమె పెళ్లాడిన సొంత తమ్ముడు, రెండో టాలమీ.

ఇక అక్కడి నుంచి మగపిల్లాడు పుడితే టాలమీ, ఆడపిల్ల పుడితే క్లియోపాత్రా, బెరెనీసీ, ఆర్సినోయీల్లో ఒకటి. పేర్ల మీద ఇంత పొదుపు చేసిన వంశం మరొకటి కనపడదు. నాలుగో టాలమీ నలభై వరసల తెడ్ల ఓడ కట్టించి, నాలుగు వేల మంది తెడ్లు వేసేవాళ్లను ఎక్కించాడట. దాన్నిబట్టి పిసినారితనం పేర్ల దగ్గరే అని తెలుస్తుంది.

ఎనిమిదో టాలమీ కాలంలో జనాభా లెక్కల గుమస్తా ఒకడు ఆ ఇంటికి వెళ్లాడనుకోండి. పాపిరస్ ఒళ్లో పరుచుకుని, రెల్లు కలం సిరాలో ముంచాడు.

'యజమాని పేరు?'

'టాలమీ.'

'తండ్రిగారు?'

'టాలమీ. తాతగారు కూడా టాలమీ, నువ్వు ఎలాగూ అడుగుతావు.'

'తోడబుట్టినవాళ్లు?'

'అన్న ఉండేవాడు, యుద్ధంలో పోయాడు. టాలమీ.'

'అమ్మగారు?'

'క్లియోపాత్రా.'

'ఇంటి ఇల్లాలు?'

'క్లియోపాత్రా.'

'అయ్యా, అమ్మగారిది అయిపోయింది, ఇల్లాలిది అడిగాను.'

'ఇల్లాలిదే చెప్పాను.'

'సరే. పెళ్లికి ముందు చుట్టరికం ఏమన్నా ఉందా?'

'మా అక్క.'

కలం ఆగింది. 'పెద్దమ్మ కూతురా అయ్యా?'

'సొంత అక్క. ముందు మా అన్నయ్య చేసుకున్నాడు, అందుకని వదిన కూడా. ఇంకో ఇల్లాలు కూడా ఉంది, రాసుకో. క్లియోపాత్రా.'

'ఈవిడ...'

'ఆవిడ కూతురు.'

గుమస్తా ఇక్కడ కాస్త తేరుకున్నాడు. అక్క కూతురంటే మేనకోడలు, వరస కుదిరింది. కానీ ఆ పిల్ల తండ్రి అన్నగారాయె, అంటే ఈయన బాబాయి. తల్లిని చేసుకున్నాడు గనక మారుతండ్రి. ఒకే పెళ్లికొడుకు మేనమామ, బాబాయి, మారుతండ్రి. పెద్దావిడ ఆయనకు అక్క, వదిన, భార్య, అత్తగారు. అల్లుడికి పెట్టాల్సిన అత్తవారి మర్యాదలు ఆవిడ ఏ గదిలోంచి ఏ గదిలోకి పంపాలి? 'పిల్లలు?' అని అడిగే ధైర్యం గుమస్తాకు లేకపోయింది. అడిగుంటే జవాబు తెలిసిందే. పెద్దావిడకు ఒక టాలమీ, చిన్నావిడకు ఇద్దరు టాలమీలు.

నిజం గుమస్తాలు దీనికి మార్గం కనిపెట్టారు. క్రీ.పూ. 118 నాటి క్షమాభిక్ష ఉత్తర్వు ఒకటి ఈజిప్టులోని టెబ్టునిస్‌లో దొరికింది. పాత కాగితాలు చుట్టి భద్రం చేసిన మొసలి మమ్మీల్లోంచి బయటపడ్డ పాపిరస్ అది. 'రాజు టాలమీ, సోదరి అయిన రాణి క్లియోపాత్రా, భార్య అయిన రాణి క్లియోపాత్రా' అని మొదలవుతుంది. ఇద్దరూ భార్యలే. కానీ ఒకావిడను 'సోదరి' గడిలో, ఇంకొకావిడను 'భార్య' గడిలో వేస్తే తప్ప పరిపాలన నడవలేదు.

క్షమాభిక్ష దేనికంటే, ఈ ముగ్గురూ చేసుకున్న అంతర్యుద్ధానికి. ఇక్కడ వేళాకోళం చేతకావడం లేదు. క్రీ.పూ. 145లో సింహాసనం ఎక్కగానే ఈ ఎనిమిదో టాలమీ అలెగ్జాండ్రియా పండితుల మీద పడ్డాడు. హోమర్ పాఠాన్ని శుద్ధి చేసిన అరిస్టార్కస్, గ్రంథాలయాధిపతి, సైప్రస్‌కు పారిపోయాడు. వ్యాకరణవేత్తలు, జ్యామితికారులు, వైద్యులు, సంగీతకారులు ఊరొదిలి చెల్లాచెదురయ్యారు. తర్వాత అక్క తిరగబడి ఆయన్ని తరిమేసింది. సైప్రస్‌లో కూర్చుని, ఆమెకు తనకు పుట్టిన కొడుకు, పద్నాలుగేళ్లు దాటని టాలమీ మెంఫిటీస్‌ను చంపించి, తల, చేతులు, కాళ్లు విడివిడిగా పెట్టెలో సర్ది తల్లికి పంపాడు. ఆమె పుట్టినరోజు కానుకగా అందేలా చూసుకుని మరీ పంపాడు. ఆ అలెగ్జాండ్రియాలోనే తరాల తర్వాత ఒక మనిషి జ్యామితి, ఖగోళం, భూగోళం, సంగీత స్వరాలు, కాంతి వక్రీభవనం, ఇన్నిటి మీద పుస్తకాలు రాసి బతికాడు. పండితుల్ని తరిమిన ఇంటి కిరీటం తెచ్చి ఆయన నెత్తిన పెడతారా? సిగ్గుండక్కర్లేదా? బొమ్మ వెతికే ముందు ఒక్క తేదీ చూడటానికి అంత బద్ధకమా?

రాజీ కుదిరాక, ఆ 118లోనే, రాజవంశపు దేవుళ్ల జాబితాలో ఒక కొత్త పేరు చేరింది. అది ఆ చనిపోయిన పిల్లవాడే అని ఇప్పటి చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. చంపినవాడే పూజారుల చేత పూజ చేయించాడన్నమాట. 'ఏడో టాలమీ' అనే అంకె ఈ పేరు మీదే తగిలించారు. రాజ్యం చేసినట్టు ఆధారం లేని ఏడో రాజు. ఈ వరస అంకెలు వాళ్లు పెట్టుకున్నవి కావు, ఆధునికులు తగిలించినవి. ఏడును తీసేస్తే తర్వాతి వాళ్లందరి అంకెలు మారిపోతాయని అలాగే వదిలేశారు. పాత పుస్తకాల్లో ఎనిమిదోవాడే ఏడోవాడుగా కనపడటానికి కారణం ఇదే.

మరి ఆ కాలం వాళ్లు ఎలా గుర్తుపట్టేవాళ్లు? బిరుదులతో, అంతకంటే ఎక్కువగా వెక్కిరింపు పేర్లతో. ఎనిమిదోవాడు బొజ్జరాయుడు. తొమ్మిదోవాడు శనగ్గింజ. పన్నెండోవాడు పిల్లనగ్రోవి ఊదేవాడు. నాణేలు చూద్దామంటే అదో నరకం. పద్నాలుగు గ్రాముల వెండి నాణెం మీద తరతరాలుగా ఉన్నది మొదటి టాలమీ ముఖమే, వెనక వజ్రాయుధం మీద గద్ద, చుట్టూ 'టాలమీ రాజుది' అన్న అక్షరాలు. ఏ టాలమీదో చెప్పదు. సైప్రస్ టంకశాలల నాణేలైతే ఊరికి రెండక్షరాలు, పాలన ఏడాది అంకె వేశాయి. కానీ 25 అని ఉంటే ఎవరి 25? దొరికిన కుప్పలో మిగతా నాణేలేవి, చెక్కుడు తీరు ఎలా ఉంది, వెండిలో కల్తీ ఎంత, ఇవన్నీ కూడితే గానీ తేలదు. పన్నెండోవాడి చివరి రోజులకు కల్తీ బాగా పెరిగింది, అదొక్కటే కాస్త ఊరట.

పాపిరస్‌లు చదివేవాళ్ల అవస్థ వేరు. '11వ ఏడు, అదే 8వ ఏడు' అని తేదీ ఉంటే, అది మూడో క్లియోపాత్రాకు పదకొండు, ఆమె కొడుకు పదో టాలమీకి ఎనిమిది, అంటే క్రీ.పూ. 107-106. బొజ్జరాయుడు అన్నతో కలిసి కూర్చున్న 170 నుంచే తన ఏళ్లు లెక్కపెట్టుకుని 54 దాకా లాగాడు. మన క్లాడియస్ టాలమీ పట్టికలతో పాటు ఒక రాజుల జాబితా వచ్చింది, గ్రహగణితానికి ఏళ్లు కూడుకోవడానికి. అందులో బొజ్జరాయుడికి దక్కినవి 29. అన్న గద్దె మీద ఉన్న ఏళ్లు అన్నకే పోయాయి, తమ్ముడికి పాతికేళ్లు కోత. పదిహేనుమంది టాలమీలకు ఆ జాబితాలో చోటు దొరికింది తొమ్మిదిమందికే. ఖగోళవేత్త పెట్టిన లెక్క అది. ఆయన్ని పట్టుకుని వాళ్ల ఇంటివాడంటారు!

మిగతా టాలమీల గురించి రెండు ముక్కలు. మౌరెటానియా రాజు టాలమీని, క్లియోపాత్రా మనవణ్ణి, క్రీ.శ. 40లో రోమన్ చక్రవర్తి కలిగ్యులా చంపించాడు; అతని ఊదారంగు వస్త్రం జనం కళ్లను లాగేసిందన్న అసూయతో అంటాడు రోమన్ చరిత్రకారుడు స్యూటోనియస్. రెండో శతాబ్దంలోనే ఇంకో టాలమీ ఫ్లోరా అనే ఆవిడకు మోషే ధర్మశాస్త్రం గురించి ఉత్తరం రాశాడు, జ్ఞానవాద క్రైస్తవుడు. వృత్తంలో ఇమిడిన చతుర్భుజానికి కర్ణాల లబ్ధం ఎదురెదురు భుజాల లబ్ధాల మొత్తానికి సమానం అన్నది మాత్రం మనవాడిదే. ఆ సిద్ధాంతం పక్కన కూడా కిరీటం బొమ్మ వేసే మహానుభావులుంటారు.

మన గడ్డకూ ఒక రాజు టాలమీ తగిలాడు, నిజమైనవాడే. అశోకుడి పదమూడో శిలాశాసనంలో 'తురమాయ' అని కనపడేది రెండో టాలమీ. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న శాసనాల్లో ఈ పదమూడోదీ ఉంది. వెబర్ అనే జర్మన్ పండితుడు పంతొమ్మిదో శతాబ్దంలో ఆ తురమాయను పట్టుకుని, సూర్యసిద్ధాంతం చెప్పిన మయాసురుడు అసలు టాలమీయే అయ్యుంటాడని ఊహించాడు. ఈసారి కిరీటం కాదు, కొమ్ములు.

ఇక మైసోలియా. క్లాడియస్ టాలమీ క్రీ.శ. 150 ప్రాంతంలో రాసిన భూగోళ గ్రంథం ఏడో భాగంలో మైసోలోస్ నది, కొంతకొస్సూల అనే రేవు (మన ఘంటసాల), పిత్యుంద్ర నగరం వస్తాయి. రాసినవాడు ఇక్కడికి రాలేదు. నావికులు, వర్తకులు చెప్పిన దూరాలను అక్షాంశ రేఖాంశాలుగా మార్చాడు. భూమి చుట్టుకొలత పాత గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ చెప్పిన 2,52,000 స్టేడియాలు (గ్రీకుల దూరం కొలత) కాక 1,80,000 అనుకున్నాడు. అందుకే తూర్పు పడమరలు సాగిపోయాయి. మన ద్వీపకల్పం చదునైపోయింది, లంక ఖండమంత ఉబ్బింది. తిట్టాలంటే వీటికి తిట్టండి, పని చేసినవాడికి తిట్లు కూడా గౌరవమే.

అదే భాగంలో బైథాన, అంటే పైఠాన్, ఎవరి రాజధానో కూడా రాశాడు. మన శాతవాహన రాజు పులుమావిది. 'సిరి పులుమావి' గ్రీకు నోట్లో 'సిరో పోలెమయోస్' అయింది. రాతప్రతులు ఎత్తి రాసినవాళ్ల చేతికి ఆ పేరు కొత్త, టాలమీ పాత. కొన్ని ప్రతుల్లో పులుమావి కూడా టాలమీ అయిపోయాడు! 'పైఠాన్‌ను ఏలిన గ్రీకు రాజు' అని వీడియో ఇంకా రాలేదంటే, తయారీలో ఉందని అర్థం. తీసేవాళ్లు పులుమావి వెండి నాణెం ఒక్కటి చూసుకోండి. దాని మీద ముత్తాత ముఖం కాదు, అతని ముఖమే ఉంది, చుట్టూ అతని పేరే ఉంది.