బియ్యం నెలనెలా వస్తాయి, ట్యూబులెందుకు రావు?

50 ఎంఎల్ సిరంజిల్లో రెండు రకాలున్నాయి. ఒకదాని మొన పొట్టిగా, సూది బిగించడానికి వీలుగా ఉంటుంది. రెండోదాని మొన పొడుగ్గా, కాస్త లావుగా ఉండి ఫీడింగ్ ట్యూబులోకి దిగుతుంది. మా అమ్మాయికి కావాల్సింది రెండోది. వనస్థలిపురంలో మా ఇంటి చుట్టుపక్కల మెడికల్ షాపులన్నీ తిరిగాను, అన్నిచోట్లా మొదటిదే ఉంది. "రెండూ యాభైయే కదమ్మా" అన్నాడు ఒకతను. నిజమే. కానీ మొన కుదరకపోతే జావ ట్యూబులోకి పోదు, పిల్ల ఒంటి మీద పోతుంది.

తనకు తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల ఒళ్లు అదుపులో ఉండదు. మింగలేదు కాబట్టి మూడేళ్ల కిందట పొట్టకు చిన్న రంధ్రం చేసి ట్యూబు పెట్టారు. దగ్గి కఫం బయటికి తెచ్చుకునే బలం లేదు, మెషీన్‌తో లాగాలి. అందుకే నెలకోసారి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి కోఠి సర్జికల్ షాపుల్లో తిరుగుతాను. అక్కడ దొరకనిది హైదరాబాద్‌లో ఇంకెక్కడా దొరకదంటారు. కఫం లాగే సన్నని గొట్టం, ఎనిమిదో నంబరు సక్షన్ క్యాథెటర్ మాత్రం అక్కడా చాలాసార్లు దొరకదు. చివర నీలం రంగు ఉండేది ఎనిమిది, నలుపు ఉండేది పది. "నీలం లేదమ్మా, నలుపు తీస్కపో, ఏం గాదు" అంటారు. ఎనిమిదో నంబరు అంటే సుమారు 2.7 మిల్లీమీటర్ల లావు, పది అంటే 3.3. పెద్దవాళ్లకు ఆ తేడా తెలియకపోవచ్చు. మా అమ్మాయి ముక్కులోంచి రక్తం వచ్చింది.

షాపతన్ని తిట్టి లాభం లేదు. డిస్ట్రిబ్యూటర్ బాక్సుల లెక్కన ఇస్తాడు. పెద్దవాళ్ల సైజులు వారంలో అయిపోతాయి. పిల్లల సైజుల బాక్సు తెస్తే నాలాంటి వాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి పదేసి తీసుకుంటారు, మిగతావి ఎక్స్‌పైరీ దాకా అరలో ఉంటాయి. నష్టానికి ఎవరు తెస్తారు? నాలాంటి తల్లులు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. కానీ ఒకరు అల్వాల్‌లో, ఒకరు మెహిదీపట్నంలో, ఒకరు ఉప్పల్‌లో. విడివిడిగా వెళ్లి అడిగితే మా అవసరం ఎప్పటికీ ఒక బాక్సంత అవదు. అందరి అవసరాన్నీ ఒకచోట కూడగట్టి కొనగలిగేది ప్రభుత్వం ఒక్కటే.

పోయిన వానాకాలం ఒక రాత్రి పది దాటాక పొట్ట దగ్గరి ట్యూబు ఊడి వచ్చేసింది. లోపల దాన్ని పట్టి ఉంచే చిన్న బెలూన్ పగిలింది. ఇలా జరిగితే కొన్ని గంటల్లోనే రంధ్రం పూడుకుపోవడం మొదలవుతుంది, అందుకే ఇంట్లో ఇంకో ట్యూబు ఎప్పుడూ ఉండాలని డాక్టర్లు ముందే చెబుతారు. మాకూ చెప్పారు. ఆర్డరు పెట్టి మూడు వారాలైంది, "వచ్చే వారం మేడం" అంటూనే ఉన్నారు. ఆ రాత్రి ఆసుపత్రికి పరుగెత్తితే రంధ్రం మూసుకోకుండా మూత్రానికి వాడే క్యాథెటర్ పెట్టి ఆపారు. రెండు రాత్రులు అడ్మిట్ చేశారు. ఆ బిల్లు మా ఇన్సూరెన్స్ కట్టింది. ఇంట్లో ట్యూబు ఉంటే ఆ బిల్లే పుట్టేది కాదు, కానీ ఆ ట్యూబు కొనడానికి అదే ఇన్సూరెన్స్ రూపాయి ఇవ్వదు. డైపర్లయితే పాలసీల్లో చెల్లించని వస్తువుల జాబితాలోనే ఉంటాయి. 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగిన ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆసుపత్రిలో జరిగే చికిత్స కోసమే. ఆసుపత్రి మంచం ఎక్కితే డబ్బుంది, ఎక్కకుండా చూసుకుంటే లేదు.

వైకల్యాన్ని మన వ్యవస్థ ఒక్కసారి జరిగిపోయే సంఘటనలా చూస్తుంది. వైకల్యం ఎంతో తేల్చే క్యాంపుకు ఒకసారి వెళ్తాం, శాతం రాసిస్తారు. కేంద్రం అడిప్ పథకం కింద వీల్‌చైర్ ఇస్తారు, ఫొటో తీస్తారు. ఆ వీల్‌చైర్ మీద నాకు గౌరవమే ఉంది, అది వచ్చాకే పిల్ల వీధిని చూసింది. కానీ వీల్‌చైర్ ఏళ్ల తరబడి ఉంటుంది, క్యాథెటర్ ఒక్క పూట. రోజూ వాడి పారేసేవాటి గురించి అడిగితే ఏ కౌంటర్‌లోనూ జవాబు రాదు.

పింఛను ఉంది కదా అంటారు. 2023 జులైలో 4,016 రూపాయలు చేశారు, ఆరు వేలు చేస్తామన్నది ఆ ఏడాది ఎన్నికల హామీ. మంచం మీదున్న పిల్లకు ఆ 4,016 డైపర్లకే చాలదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది, బయటి వైద్యానికీ థెరపీకీ కూడా వర్తిస్తుంది. మంచి పథకమే. అయితే ముందు మనం కొని, తర్వాత బిల్లులు పంపాలి. కోఠిలో బిల్లు అడిగి చూడండి. సర్జికల్ సామాన్ల మీద ముద్రించిన ఎమ్మార్పీ ఒకటి, అమ్మే ధర దానిలో సగం, ఒక్కోసారి మూడో వంతు. ఆ ధరకు కచ్చా చీటీ ఇస్తారు. పక్కా బిల్లు కావాలంటే ధర మారుతుంది. చీటీ తీసుకుంటే బీమా రాదు, బిల్లు తీసుకుంటే చేతిలో డబ్బు చాలదు. 2021లో కేంద్రం పల్స్ ఆక్సీమీటర్, నెబ్యులైజర్ వంటి ఐదు పరికరాల మీద లాభానికి 70 శాతం పరిమితి పెట్టింది. కోవిడ్ భయంలో అందరికీ అవి అవసరమయ్యాయి కాబట్టి పెట్టింది. మా ట్యూబులు అందరికీ అవసరం కావు.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో ఆదాయ పరిమితికి లోబడి పరికరాలు, మందులు ఉచితంగా ఇవ్వాలనీ, బాగా ఆధారపడి ఉన్నవారికి, వాళ్లను చూసుకునే మనిషి కోసం భత్యం ఇవ్వాలనీ ఉంది. అదే సెక్షన్ మొదట్లో 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న మాటా ఉంది. ఆ మాట దగ్గరే అన్నీ ఆగాయి. కేరళ ఆగలేదు. చూసుకునేవారికి నెలకు 600 రూపాయల లెక్కన ఆశ్వాసకిరణం పథకం తెచ్చింది, పంచాయతీల సాయంతో నర్సు ఇంటికే వచ్చి క్యాథెటర్ మార్చి వెళుతుంది. 600 చిన్న మొత్తమే. అయినా తల్లి చేసేది పనే అని ఒప్పుకున్న మొత్తం అది.

మనకూ ఇది చేతకానిదేం కాదు. 2017లో బాలింతల కోసం కేసీఆర్ కిట్ తెచ్చి, పసిబిడ్డ సబ్బు, దోమతెర దాకా సంచిలో సర్ది ఇచ్చిన రాష్ట్రం మనది. రేషన్ బియ్యం నెలనెలా వస్తున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనే సంస్థ కార్యాలయం కోఠిలోనే, నేను తిరిగే షాపులకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. పిల్లల సైజులకు కూడా ఆ సంస్థే టెండర్ వేసి, జిల్లాల్లో పిల్లల వైకల్యాలను తొలిదశలోనే చూసే ప్రభుత్వ కేంద్రాల ద్వారా ఇస్తే, మాలో ఎవరికెంత కావాలో లెక్క నెలలో తేలిపోతుంది.

ఆ లెక్క మొదలవ్వాల్సింది వైకల్య సర్టిఫికెట్ దగ్గర. అందులో శాతం రాసే గడి ఉంది. దాని పక్కన ఇంకో గడి కావాలి: ఈ బిడ్డకు నెలకు ఏమేం కావాలి, ఏ సైజు. మా అమ్మాయి గడి నేనిప్పుడే నింపగలను. సక్షన్ క్యాథెటర్లు, ఎనిమిదో నంబరు, 60. ఫీడింగ్ సిరంజిలు, పొడుగు మొనవి, 10. డైపర్లు 120. పొట్ట ట్యూబు, పద్నాలుగో నంబరు, నాలుగు నెలలకొకటి. ఇంట్లో ఉంచుకోవడానికి ఇంకొకటి.