వాము నీళ్లు, డబుల్ బ్యారెల్

మా అల్లుడుగారు ఒక్క మాట అనకుండా ఉంటే ఇదంతా జరిగేది కాదు. "సోమవారం వెళ్లండి మామయ్యగారూ, అధికారులందరూ కలెక్టరేట్లోనే ఉంటారు, ఒక్క పూటలో పని అయిపోతుంది" అన్నారు. అధికారులందరూ ఉన్నమాట నిజమే. జిల్లాలో కష్టమున్న జనమంతా కూడా అర్జీలు పట్టుకుని ఆ రోజే అక్కడికి వస్తారనీ, ఆ జనం కోసం పోలీసులు వస్తారనీ మాత్రం చెప్పలేదు. ఆయనకు తెలియదట. ఆయన తొమ్మిదేళ్లుగా ఈ పట్నంలోనే ఉంటున్నారు.

సంగతి ఇదీ. వేరుశనగ చేలో అడవి పందులు పడుతున్నాయని మా నాన్న ఎప్పుడో పంట రక్షణ కోసం లైసెన్స్ తీసుకుని డబుల్ బ్యారెల్ తుపాకీ కొన్నారు. ఆయన పోయాక అది వారసుడిగా నా పేరు మీదికి వచ్చింది. దానితో నేను కాల్చింది ఆకాశాన్ని మాత్రమే, అదీ రెండుసార్లు. రెండోసారి పందుల కంటే ముందు నేనే పరిగెత్తాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం, ఫలితాలు వచ్చాక రసీదు ఇచ్చి తుపాకీ తెచ్చుకోవడం, ఇంతే మా ఇద్దరి అనుబంధం. 2019లో చట్టం మార్చి లైసెన్స్ గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేసినప్పుడు, ఇక ఐదేళ్ల దాకా ఆఫీసు గడప తొక్కనక్కర్లేదని సంతోషించాను కూడా.

ఈలోగా ఉద్యోగం అయిపోయింది. ఊళ్లో ఇంటికి తాళం వేసి అమ్మాయి ఉండే పట్నానికి వచ్చేశాం. ఇల్లు మారితే 30 రోజుల్లోగా కొత్త చోటి లైసెన్స్ అధికారికి తెలియజేయాలి, ఆయన అడిగితే లైసెన్సునూ ఆయుధాన్నీ వెంటనే చూపించాలి, పుస్తకంలో కొత్త చిరునామా రాయించుకోవాలి. ఇది లైసెన్స్ షరతుల్లోనే ఉంటుంది. నేను షరతులు చదివే మనిషిని. 34 ఏళ్లు తపాలా శాఖలో పనిచేశాను, చివరి పదకొండేళ్లు సబ్ పోస్ట్‌మాస్టర్‌గా. సంతకం కాస్త వంకర పోయిందని మనియార్డర్ ఆపినవాణ్ణి. ఒక్క కాగితం తక్కువైందని ఎంతమందిని ఎండలో వెనక్కి పంపానో నాకే లెక్క లేదు. కాబట్టి "అడిగితే వెంటనే" అన్న మాట నాకు పట్టుకుంది. అడిగాక ఇంటికి పరిగెత్తి తెస్తే అది వెంటనే ఎలా అవుతుంది? నన్ను మాత్రం ఎవరూ వెనక్కి పంపకూడదు. తుపాకీని వెంట తీసుకువెళ్లాలని నిశ్చయించాను.

దాని కాన్వాసు సంచిని ఊళ్లోనే ఎలుకలు కొరికాయి. గొట్టాలు ఒకటి, మడమ కట్టె ఒకటిగా విడదీస్తే మనవడి కీబోర్డు సంచిలో చక్కగా పట్టింది. తూటాలు బీరువాలోనే ఉంచాను. ఆ మాత్రం తెలివి ఉంది, అని ఇప్పుడు చెప్పుకోవడానికి పనికి వస్తోంది. బయలుదేరుతుంటే మా ఆవిడ ఒక సీసా చేతిలో పెట్టింది. వాము నీళ్లు. నా కడుపు సంగతి ఆమెకు తెలుసు.

ఆ సీసా గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

కలెక్టరేట్ గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది, తలుపు లేని గుమ్మంలా నిలబెట్టి ఉంటుందే, అది. మెట్టెలకూ, తాళం చెవులకూ, బెల్టుకూ, ఏమీ లేనివాళ్లకూ అది సమానంగా కూస్తోంది. అందరికీ కూసేది ఎవరికీ కూయనట్టే లెక్క కనుక దాని మాట ఎవరూ వినడం లేదు. కానిస్టేబుళ్ల చూపంతా సీసాల మీదే. అర్జీల రోజున ఎవరైనా విసిగిపోయి పెట్రోలో కిరోసినో ఒంటి మీద పోసుకుంటారని భయం. ఊరికే పుట్టిన భయం కాదు, రెండు రాష్ట్రాల్లోనూ అలాంటివి జరిగాయి. జనం అంత విసుగు దాకా ఎందుకు వస్తున్నారో కనుక్కోవడం కష్టం. సీసా వాసన చూడడం తేలిక.

నా సీసాలో నీళ్లు లేత పసుపు రంగులో ఉన్నాయి. కుర్ర కానిస్టేబుల్ మూత తీసి వాసన చూసి తల వెనక్కి లాగాడు. మా ఆవిడ వామును నలిపి మరీ కాస్తుంది, ఆ ఘాటు తెలియనివాళ్లకు ముక్కులోకి సూదిలా దిగుతుంది. "ఏమిటి పెద్దాయనా ఇది?" అన్నాడు. "వాము నీళ్లు బాబూ." నమ్మలేదు. హెడ్ కానిస్టేబుల్‌ను పిలిచాడు. ఆయన, "నాకు జలుబు, నువ్వే చూడు" అన్నాడు. మళ్లీ చూశాడు. ఈసారి కళ్లు తుడుచుకున్నాడు. వరసలో నా వెనకాల పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని నిలబడ్డ రైతు ఎవరూ అడగకుండానే ముందుకు వంగి వాసన చూసి, "వామే సార్, కొంచెం మిరియం కూడా పడింది" అని తీర్పు చెప్పాడు. మిరియం పడ్డ సంగతి నాకే తెలియదు. అయినా చట్టం రైతు మాట మీద నడవదు కదా. "తాగి చూపించండి" అన్నాడు హెడ్. తాగాను. ముగ్గురూ నా గొంతు వైపు చూస్తూ నిలబడ్డారు. సగం సీసా ఖాళీ అయ్యేసరికి పెద్ద త్రేన్పు వచ్చింది, గేటు అవతలి చెప్పుల దుకాణం దాకా వినిపించి ఉంటుంది. గెజిటెడ్ అధికారి సంతకం కూడా ఇంత గట్టి సాక్ష్యం కాదు. వాళ్ల ముఖాలు తేటపడ్డాయి.

ఇంతసేపూ తుపాకీ నా భుజానే ఉంది.

కుర్రాడు అప్పుడు సంచిని చూశాడు. దాని మీద తెల్ల మెట్లు, నల్ల మెట్లు బొమ్మ ఉంది. "సంగీతం మాస్టారా?" అని అడిగాడు. కాదు నాయనా, లోపల ఉన్నది తుపాకీ, ఇదిగో లైసెన్స్ అని చెప్పాలనే నోరు తెరిచాను. రెండో త్రేన్పు వచ్చింది. "వెళ్లండి మాస్టారూ, వెళ్లండి" అని పక్కకు తప్పుకున్నాడు. ఈ సంగతి తరవాత నేను అందరికీ చెప్పాను. ఎవరూ రాసుకోలేదు.

లోపల షామియానా కింద పొడుగాటి వరస. తుపాకీ లైసెన్సులు చూసే మెజిస్టీరియల్ సెక్షన్ ఎక్కడని అడిగితే అడిగిన ప్రతివాళ్లూ వేలితో ఆ వరసనే చూపించారు. ఎక్కడికి వెళ్లాలన్నా ముందు అర్జీ నమోదు చేయించుకోవాలట. గంటంపావుకు బల్ల దగ్గరికి చేరాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి తల ఎత్తకుండానే పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు అడిగి కొట్టుకుపోతోంది.

"సమస్య?"

"తుపాకీ అమ్మా."

"ఎవరి మీద?"

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. పొద్దుటి నుంచి ఆమె ముందుకు వచ్చిన ప్రతి అర్జీ ఎవరో ఒకరి మీదే. దాయాది మీద, సర్వేయర్ మీద, రోడ్డు వేయని గుత్తేదారు మీద, పింఛను జాబితాలోంచి పేరు పీకేసినవాడి మీద. ఆ గడి నింపకపోతే కంప్యూటర్ ముందుకు కదలదట. నేను కూడా జవాబు నిదానంగా ఆలోచించి చెప్పి ఉండవలసింది. "చిరునామా మార్పు" అన్న రెండు మాటలు జేబులో కాగితం మీద రాసుకునే వచ్చాను. కానీ "ఎవరి మీద" అని వినగానే నిజాయితీపరుడైన పాత ఉద్యోగి ఒకడు నాలోంచి లేచి, అందరికీ వినపడేలా, ఆమెకు ధైర్యం చెబుతున్నట్టుగా అన్నాడు: "ఇంకా ఎవరి మీదా లేదమ్మా, ఇక్కడే ఉంది." అని ఊరుకోకుండా సంచిని తట్టాడు కూడా. లోపల గొట్టాలు మడమ కట్టెకు తగిలి ఠంగుమన్నాయి.

ఆ "ఇంకా" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. అది లేకపోతే వాక్యం ఎంత మంచిగా ఉండేది!

షామియానా కింద ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. అప్పుడే టీ అందుకున్న ఒక అధికారి కప్పును అలాగే గాలిలో పట్టుకుని ఉండిపోయారు. నా చుట్టూ చూస్తుండగానే తిరునాళ్లలో గరగ నాట్యానికి చోటిచ్చినట్టు గుండ్రంగా ఖాళీ ఏర్పడింది. నా వెనక రైతు, ఇందాక వాము మీద తీర్పు చెప్పిన పెద్దమనిషి, పాసుపుస్తకాన్ని గుండెకు అడ్డం పెట్టుకుని, "నేను ఈయనతో రాలేదు" అని ఎవరికో చెబుతున్నాడు. ఒక్క ముసలమ్మ మాత్రం కదలలేదు. కదిలితే వరసలో చోటు పోతుంది. "నా పింఛను సంగతి చూశాక మీరూ మీరూ ఏమైనా చేసుకోండి" అంది. ఆ పూట షామియానా మొత్తంలో స్పష్టత ఉన్నది ఆమెకే.

గేటు దగ్గరి కుర్ర కానిస్టేబుల్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి ముందుగా ఏం చేశాడంటే, నా చేతిలోని సీసా లాక్కున్నాడు. అలవాటు. సంచి సంగతి తరవాత గుర్తుకు వచ్చింది.

ఆ తరవాతి రెండు గంటలు ఇక్కడ రాయను. స్టేషన్‌కు ఫోన్లు వెళ్లాయి, తుపాకీ మీది నంబరునూ పుస్తకంలోని నంబరునూ నలుగురు నాలుగుసార్లు చదివారు, అల్లుడుగారు వచ్చారు. అంతే.

చివరికి మెజిస్టీరియల్ సెక్షన్ చూశాను. అక్కడి గుమస్తాగారు నా పుస్తకం తిరగేసి, "తుపాకీని ఎవరు తెమ్మన్నారు మిమ్మల్ని? దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఇక్కడికి ఆధార్, లైసెన్స్ జిరాక్స్ చాలు. చూడాలనుకుంటే మేమే కబురు చేస్తాం" అన్నారు. సరేనని జిరాక్స్ అందించాను. "రెండు కాపీలు కావాలి" అన్నారు. ఆ ముఖం నాకు బాగా తెలుసు. 34 ఏళ్లు గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకున్న ముఖమే.

తరవాత పాత చిరునామా దగ్గర ఆగారు. "పుస్తకంలో చిత్తూరు జిల్లా అని ఉంది, ఆధార్‌లో అన్నమయ్య జిల్లా అని ఉంది. అంటే మీరు రెండుసార్లు ఇల్లు మారారా?" లేదండీ, 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు మా ఊరే మారింది, నేను ఆ రోజు ఇంట్లో కూర్చునే ఉన్నాను అని విన్నవించాను. "దానికి ఆధారం ఉందా?" అన్నారు. జిల్లాల విభజన పటం వెంట తెచ్చుకోనందుకు సిగ్గుపడ్డాను. తుపాకీ తెచ్చినవాణ్ణి, అదొక్కటీ తెస్తే పోయేదేముంది!

చిరునామా ఎక్కలేదు. ఎన్నికలేవీ లేకుండానే తుపాకీ స్టేషన్‌కు వెళ్లింది, రసీదు నా జేబులోకి వచ్చింది. కీబోర్డు సంచి కూడా దానితోనే వెళ్లిపోయింది. మనవడు నిన్న సాయంత్రం నుంచి నాతో మాట్లాడడం లేదు. అల్లుడుగారు మాత్రం మాట్లాడుతున్నారు, నాతో కాదు, అపార్ట్‌మెంట్‌లో మిగతా పదిహేను ఇళ్లవాళ్లతో. పొద్దున లిఫ్టులో ఎవరో నన్ను చూసి రెండు చేతులూ పైకెత్తారు.

రాత్రి ఫోన్‌కు సందేశం వచ్చింది. నా అర్జీ నమోదైందట. అంత గొడవలోనూ ఆ అమ్మాయి పని మానలేదన్నమాట. ఎవరి మీద అన్న గడిని ఎలా దాటిందో కానీ, సమస్య అన్నచోట లైసెన్స్ జిరాక్స్‌లోంచి కనబడిన మాట ఎక్కించింది: పంట రక్షణ. అర్జీని వ్యవసాయ శాఖకు పంపినట్టు కింద రాసి ఉంది.

ఈ పొద్దున తొమ్మిదింటికి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఎంతో మర్యాదగా ఉన్నాడు. మూడు రోజుల్లో పరిష్కరించకపోతే పైనుంచి అడుగుతారట, పాపం. "పంటకు ఏమైంది సార్, పురుగా, అడవి పందులా?" అని అడిగాడు. ఏమీ కాలేదు బాబూ అన్నాను. "అలా రాయడానికి ఉండదు సార్, వచ్చి ఫొటో తీసుకోవాలి. పొలం ఎక్కడ?"

మూడో అంతస్తు, 302 అని చెప్పాను. బాల్కనీలో కరివేపాకు మొక్క ఉంది. పదకొండింటికి వస్తానన్నాడు.