మంచులోకి మన బండా, అక్కడి బండా?

డిసెంబరు చివర్లో కావలి నుంచి మనాలికి, అక్కడి కొండను తొలిచిన సొరంగం అటల్ టన్నెల్ దాటి సిస్సు అనే ఊరి దాకా సొంత డీజిల్ కారులోనే పోవాలని బావ పట్టు. మెకానిక్ షెడ్డు నడిపే బావమరిది ఒప్పుకోడు.

బావ: రెండున్నర వేల కిలోమీటర్లేగా అబ్బయా. అద్దంకి, నార్కెట్‌పల్లి మీదుగా హైదరాబాద్ చేరితే ఆపైన ఢిల్లీ దాటిందాకా 44వ నంబరు హైవే. పిల్లలు, సామాను, పచ్చళ్ళు అన్నీ మన బండిలోనే.

బావమరిది: హైవేతో నాకు పేచీ లేదు బావా. రోజుకు ఆరొందల చొప్పున తోలి, కళ్ళు మండతా ఉండగా మంచు ఎక్కుతావే, అదీ నా భయం. తారు మీద ఒక సెకను ఏమరుపాటును బ్రేకు కాచుద్ది. గడ్డకట్టిన రోడ్డు మీద ముప్పైలో పోతున్నా బండి జారుద్ది.

బావ: అందుకేగా టైర్లకు చుట్టే చైన్లు! మనది ముందు చక్రాలు లాగే బండి, ఆ రెంటికీ వేస్తే చాలు. కాస్త దూరం పోయి మళ్ళీ బిగిస్తా, నలభై దాటను. వట్టి తారు రాగానే విప్పేస్తా, లేకపోతే తెగి టైరు పైనున్న రేకు చీలుస్తాయి.

బావమరిది: విప్పేదీ వేసేదీ వేళ్ళు కొయ్యబారే చలిలో, వెనక బండ్లు హారన్ కొడతా ఉంటే. అదట్లుంచు, రేడియేటర్లో ఏముంది?

బావ: నీళ్ళు. గడ్డకట్టకుండా పోసే కూలెంటు కొంచెం.

బావమరిది: మన ఎండకు సరిపోద్ది. అక్కడ రాత్రికి గడ్డకడితే నీళ్ళు 9 శాతం ఉబ్బుతాయి, ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. మొత్తం దించి సగం నీళ్ళు కలపని కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్ పోస్తే మైనస్ 35 దాకా ఢోకా లేదు. బ్యాటరీ పాతదైతే మార్చు, మైనస్ 18 దగ్గర దాని బలం సగమే. మన 30 డిగ్రీల్లో టైర్లకు కొట్టిన గాలి మైనస్ 5కి అయిదారు పిఎస్ఐ పడిపోద్ది. రాత్రి హ్యాండ్ బ్రేక్ వెయ్యబాక, తడిసిన బ్రేకు షూలు డ్రమ్ముకు గడ్డకట్టి అతుక్కుంటాయి. గేరులో పెట్టి చక్రానికి రాయి ఆనించు.

బావ: డీజిల్ సంగతి నాకూ తెలుసులే. మామూలు డీజిల్లో చలికి మైనం తేలి ఫిల్టర్ మూసుకుపోద్ది. లడఖ్ కోసం మైనస్ 33లోనూ పారే రకాన్ని ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చింది. మనం రాత్రుళ్ళు మనాలిలోనే ఉంటాం గదా. దారిలో ఇరుక్కుంటే హీటరేసుకుని పడుకుంటాం.

బావమరిది: ప్రాణాలు పొయ్యేది అక్కడే! సైలెన్సర్ గొట్టం మంచులో పూడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు బండిలోకొస్తది. వాసన కూడా ఉండదు. ముందు గొట్టం చుట్టూ తవ్వాల. గంటకు పది నిమిషాలే ఇంజిన్, అద్దం వేలెడంత దించి, ఒకరు మేలుకుని.

బావ: అయితే మానుకోమంటావా?

బావమరిది: మనాలి దాకా నువ్వే తోలు, మధ్యలో చండీగఢ్‌లో ఒక రోజు పూర్తిగా పడుకో. సిస్సుకు మాత్రం నాలుగు చక్రాలూ లాగే బండి, అక్కడోళ్ళ ఫోర్ బై ఫోర్ మాట్లాడుకో. మంచు బాగా పడితే పోలీసులు చాలాసార్లు వాటినే వదులుతారు.

బావ: ఫోర్ బై ఫోర్ అయితే ఆగుద్దా?

బావమరిది: ఆగదు. అది ఎక్కడానికే సాయం, బ్రేకులు అన్ని బండ్లకూ నాలుగు చక్రాలకే. తేడా తోలేవాడిలో. టన్నెల్ లోపల తొమ్మిది కిలోమీటర్లు మంచే ఉండదు, అదే ఊపులో అవతలికొస్తే ఎదురయ్యేది గడ్డ. ఏ మలుపున ఎండ తగలదో వాడికి తెలుసు, పైగా నీలాగా వేల కిలోమీటర్లు తోలి వచ్చుండడు.

బావ: ఆ బాడుగ ఎవరిస్తారు?

బావమరిది: చైన్లు కొనకుండా మిగిలిన డబ్బులు నీ జేబులోనే ఉంటాయిగా. ముందు బండి లోపలికి తే, కూలెంటు దించుదాం.