బాబాయి వేలు చేసిన నేరం

ఆ రోజు పొద్దున్నే మా బాబాయి షుగర్ మిషన్ 412 చూపించింది. అదీ పరగడుపున, కాఫీ చుక్క కూడా గొంతు దిగకముందు.

పిన్ని ముందు మిషన్‌ని చూసింది. తర్వాత బాబాయిని చూసింది. ఆ తర్వాత మంచం కింద ఎండుగడ్డిలో మగ్గేసిన నూజివీడు రసాల వైపు చూసింది. కేసు అక్కడికక్కడే తేలిపోయింది.

"నోట్లో పెట్టుకోలేదే, నీమీద ఒట్టు!" అన్నాడు బాబాయి.

"నామీద ఎందుకులెండి, ఆ పళ్లమీద వేసుకోండి. రాత్రి పద్దెనిమిది పెట్టాను. ఇప్పుడు పదమూడున్నాయి. పిల్లలు ముగ్గురే కదా, మిగతా రెండూ ఏమైనట్టు?"

"మళ్లీ కావాలంటే ఇచ్చాను. అందరికీ నేనే పిసికి పెట్టాను కూడా."

రిటైరైన లెక్కల మాస్టారు తీసివేతలో దొరికిపోవడం నేను చూడటం అదే మొదలు. ఇంకోసారి పరీక్ష చేసుకోమంటే, "స్ట్రిప్పులు ఊరికే వస్తున్నాయిరా?" అని నామీద ఎగిరాడు.

ఈలోగా పిన్ని 108కి ఫోన్ చెయ్యమని గోల. ఆమె భయం ఆమెది. షుగరున్నవాళ్లకి గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా కూడా వస్తుందని డాక్టరుగారు చెప్పిన దగ్గర్నుంచి, బాబాయి తుమ్మినా "గుండెలో ఎలా ఉందండీ?" అంటోంది. ఆవకాయ జాడీ అటక ఎక్కింది. అప్పడాలు డబ్బాతో సహా పక్కింటికి వెళ్లాయి. ఉప్పు తగ్గితేనే బీపీ తగ్గుతుంది మరి.

అప్పడాలు అందుకున్న ఆ పక్కింటి నర్సమ్మే గోల విని వచ్చింది. బాబాయి చెయ్యి పట్టుకుని చూసి, "పళ్లు పిసికాక చేతులు కడుక్కున్నారా మాస్టారూ?" అంది.

"తువ్వాలుకి తుడుచుకున్నానుగా!"

వేలికి అంటిన రసం రక్తపు చుక్కలో కలిస్తే, ఆ చక్కెరని కూడా మిషన్ ఒంట్లోదే అనుకుంటుందట. స్పిరిట్ దూదితో తుడిచినా పూర్తిగా పోదట. సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకున్నాకే పొడవాలట. బాబాయి పెళ్లి భోజనానికి లేచినట్టు లేచి, మోచేతుల దాకా రుద్ది కడుక్కొచ్చాడు. ఈసారి 124. పరగడుపున 80కీ 130కీ మధ్య ఉంటే చాలని డాక్టరు చెప్పిన లెక్కకి సరిపోయింది.

"పరువునష్టం కింద ఒక రసం ఇప్పించు," అన్నాడు బాబాయి.

పిన్ని ఏమీ అనలేదు. బీరువాలోంచి ల్యాబు కాగితం తెచ్చి ముందు పెట్టింది. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష అది. ఏడు లోపు ఉండాల్సింది 8.4 ఉంది. "దీన్ని కూడా కడుక్కొస్తారా?"

"అందులో ఉగాది బొబ్బట్లున్నాయి, శ్రీరామనవమి పానకం ఉంది. దేవుడి ప్రసాదం కూడా లెక్కేస్తారుటే?"

"రోజూ వాకింగని వెళ్లి పునుగుల బండి దగ్గర ఆగడం ఏ దేవుడి ప్రసాదం?"

నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. పునుగుల సంగతి పిన్నికి చేరడంలో నా పాత్ర లేదని ఇప్పటికీ బాబాయి నమ్మడు.

చివరికి రాజీ కుదిరింది. రసం మొత్తం కాదు, సగం. అదీ అన్నం ఆ మేరకు తగ్గించి. రోజూ అరగంట నడక, పక్కన పిన్ని.

"నేనేం లావు లేను. నడుము 90 సెంటీమీటర్ల లోపు ఉండాలన్నారు. నా ప్యాంటు సైజు 34. సెంటీమీటర్లలో 86," అని బాబాయి మళ్లీ లెక్కల్లోకి దిగాడు.

"ప్యాంటు మీ పొట్ట కింద కడతారు. పొట్ట అంతా దాని పైన ఉంది," అంటూ పిన్ని కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసి, బొడ్డు మీదుగా చుట్టి కొలిచింది. 104.

బాబాయి ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు.

"ఆ టేపుకి కూడా మామిడిరసం అంటిందేమో, ఒకసారి సబ్బుతో కడిగి చూడవే," అన్నాడు.