డ్రైవర్ మార్చు, ఎల్ఈడీ మార్చు... మీటరు మాత్రం పెట్టకు!

మా హాల్లో రెండడుగుల చేపల తొట్టి ఉంది. దాని లైటు నేనే చేసుకున్నాను. వన్ వాట్ ఎల్ఈడీలు పది, వేడిని లాగేసే ఒక అల్యూమినియం హీట్‌సింక్, ఇంటి కరెంటుని ఎల్ఈడీలకి సరిపడేలా మార్చి పంపే ఒక డ్రైవర్. కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొని, ఓ ఆదివారం కూర్చుని అన్నీ వరసగా సిరీస్‌లో అతికించేశా. ఆరు నెలలు బ్రహ్మాండంగా వెలిగింది. ఆ తర్వాత మొదలైంది నస.

స్విచ్ వేస్తే వెలుగుతుంది. ఇరవై నిమిషాలకి మిణుకుమిణుకుమని ఠక్కున ఆరిపోతుంది. పావుగంట వదిలేస్తే మళ్ళీ మామూలే. "ఏవండీ, చేపలకేమైనా పెళ్ళి లైటింగు పెట్టారా?" అని మా ఆవిడ.

పదిమందిని అడిగా. పదిమందీ ఒకే మాట. "డ్రైవర్ పోయింది, మార్చేయ్." ఎప్పుడు ఆరుతోంది, ఎంతసేపటికి, మళ్ళీ వెలుగుతోందా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మార్చాను. కొత్త డ్రైవర్ కూడా సరిగ్గా ఇరవై నిమిషాలకే చేతులెత్తేసింది. మళ్ళీ షాపుకెళ్తే "ఆ పీస్ కూడా పోయినట్టుంది సార్, ఇంకోటి తీసుకోండి" అన్నాడు. తీసుకున్నా. డ్రైవర్ నూట యాభై, ఆటోకి రానూపోనూ నాలుగొందలు. నా తెలివికి దండేసి దండం పెట్టాలి.

ఈ "పోయింది" అనే మాట మీదే నా కోపమంతా. గీజర్ వేడెక్కకపోతే కాయిల్ పోయింది. ఫ్యాను తిరక్కపోతే కండెన్సర్ పోయింది. నూటికి కొన్నిసార్లు నిజమే అవుతుంది, అందుకే ఆ మాట బతికిపోతోంది. కానీ చూడకుండా పోయిందనడం జాతకం చెప్పడమే కదా! వీడియోలూ అంతే. ఎలా చెయ్యాలో చూపించేవాళ్ళు వెయ్యిమంది. చేసింది ఆగిపోతే ఎక్కడ వెతకాలో చూపించేవాడు కనిపించడు.

మూడో డ్రైవర్ కూడా మొరాయించాక సిగ్గొచ్చి మీటరు తీశా. వోల్టులు కొలిచేది, బ్యాటరీ తలుపుకి టేపు వేసిన పాత మల్టీమీటరు. లైటుని తొట్టి మీంచి దింపి, నీళ్ళకి దూరంగా భోజనాల బల్ల మీద పెట్టి, డ్రైవర్ అవుట్‌పుట్ దగ్గర మీటరు తగిలించా. 31.6 వోల్టులు. తెల్ల ఎల్ఈడీ ఒక్కోటి మూడు వోల్టుల పైచిలుకు తీసుకుంటుంది, పదింటికి లెక్క సరిపోయింది. కుర్చీ వేసుకుని కూర్చున్నా. పద్దెనిమిదో నిమిషంలో లైటు ఆరింది.

డ్రైవర్ పోయి ఉంటే మీటరు సున్నాకి పడిపోవాలి. పడలేదు. 47కి ఎక్కి కూర్చుంది!

నాకు అప్పుడు వెలిగింది. ఈ డ్రైవర్ ఎప్పుడూ ఒకే కరెంటు పంపాలని చూస్తుంది, నాది మూడు వందల మిల్లీ ఆంపియర్లు. దారి తెగిందంటే ఆ కరెంటు ఎలాగైనా తోయాలని వోల్టేజీ పెంచుకుంటూ తన గరిష్ఠం దాకా పోతుంది. అంటే పాపం డ్రైవర్ తన పని తాను చేస్తూనే ఉంది. నేను దాన్ని రెండుసార్లు ఉద్యోగంలోంచి తీసేశా. వరసలో ఎక్కడో దారి తెగుతోంది, అదీ వేడెక్కినప్పుడు.

ఇక ఒక్కో ఎల్ఈడీకి ఇటు వైరు మీద, అటు వైరు మీద మీటరు ముళ్ళు పెట్టుకుంటూ వెళ్ళా. ఒకటి, రెండు, మూడు... చెప్పుకోదగ్గ రీడింగు లేదు. ఏడో దాని దగ్గర ఒక్కసారిగా పాతిక దాటింది. దారి తెగిన చోటే వోల్టేజీ కనిపిస్తుంది. దొరికాడు దొంగ!

స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఫోన్ టార్చి వేసి భూతద్దంతో చూశా. ఏడో ఎల్ఈడీ మైనస్ దగ్గర నా సోల్డరింగు ముత్యంలా గుండ్రంగా, అందంగా ఉంది. అదే దాని రోగం. సీసం వేడన్నం మీద నెయ్యిలా పాకాలి. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడిందంటే అతుక్కోలేదని అర్థం. చుట్టూ వెంట్రుకవాసి గీత. చల్లగా ఉన్నప్పుడు ఆనుకుంటుంది, వేడెక్కి లోహం సాగగానే విడిపోతుంది. పాత టీవీ మెకానిక్కులు డ్రై సోల్డర్ అనేది దీన్నే. టీవీ పక్కన ఒక్కటిస్తే బొమ్మ వచ్చేది చూడండి, చాలాసార్లు ఆ దెబ్బ తగిలింది ఇలాంటి అతుకుకే.

తప్పు ఎవరిదంటే నాదే. ఎల్ఈడీ కింద ఉండే ఆ నక్షత్రం ఆకారపు బిళ్ళ అల్యూమినియంది, వేడిని లాగెయ్యడమే దాని పని. నేనేమో దాన్ని ముందే హీట్‌సింక్‌కి బిగించి, ఆ తర్వాత పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో అతకబోయా. వేడంతా హీట్‌సింక్ మింగేసింది. బిగించక ముందే వైర్లు అతికించుకోవాలి. ఇప్పుడు ఆ బిళ్ళ విప్పి, సీసం బాగా పాకడానికి ఫ్లక్స్ రాసి, పక్కింటి బాబాయ్ గారి అరవై వాట్ల ఐరన్ తెచ్చి అతికితే రెండు సెకన్లలో పాకింది.

ఇక్కడే ఇంకో ఎల్ఈడీని చేజేతులా చంపుకున్నా. ఆత్రంలో డ్రైవర్ ఆన్‌లో ఉండగానే ఊడిన వైరు తెచ్చి తగిలించా. అప్పటికే 47 వోల్టులు నింపుకుని కూర్చున్న డ్రైవర్ అంతా ఒక్కసారి కుమ్మరించింది. మూడో ఎల్ఈడీ ఢమాల్. ముందు వైర్లన్నీ కలిపి, తర్వాతే స్విచ్ వెయ్యాలి. ఏది బతికుందో చూడ్డానికి రెండు పెన్సిల్ బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి తాకిస్తే చాలు, మసగ్గా వెలుగుతుంది. (పన్నెండు వోల్టుల స్ట్రిప్ వాడేవాళ్ళకి ఈ లెక్క వర్తించదు. దానికి అడాప్టర్ వేరు, అక్కడ చూడాల్సింది చివరికొచ్చేసరికి వోల్టేజీ ఎంత పడిందని.)

అసలు ఒళ్ళు మండింది దీనికి కాదు. లైటు బల్ల మీద ఉండగానే హీట్‌సింక్‌కీ గోడ ప్లగ్గులోని ఎర్త్‌కీ మధ్య మీటరుని ఏసీ వోల్టుల మీద పెట్టి చూశా. తొంభై వోల్టుల పైన! అందులో ఎక్కువ భాగం ప్రాణం తీసేది కాకపోవచ్చు, జివ్వుమని ఊరుకునే లీకేజీ కావచ్చు. రేపు లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే? చవక డ్రైవర్లలో కొన్నిటికి ఇంటి కరెంటుకీ (మెయిన్స్) అవుట్‌పుట్‌కీ మధ్య అడ్డుగోడే ఉండదు. అలాంటిదాన్ని నీళ్ళకి జానెడు ఎత్తులో వేలాడదీస్తున్నాం. సామాను కొన్న రోజు మూడు వైర్ల కేబుల్ అడిగితే "ఎర్త్ ఎందుకు సార్, వేస్టు, రెండు పిన్నులు చాలు" అన్న మహానుభావుణ్ణి తలుచుకుని బీపీ పెరిగింది.

"చేపలు బాగానే ఉన్నాయిగా" అంటారు కొందరు. ఉంటాయి. నీళ్ళలోంచి కరెంటు బయటికి పోయే దారి లేనంతవరకూ చేపకేమీ కాదు. ఆ దారి మీరు. నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తొట్టిలో చెయ్యి పెట్టిన క్షణాన దారి తయారవుతుంది.

పచ్చ ఎర్త్ వైరు లాగి హీట్‌సింక్‌కి స్క్రూ వేసి బిగించా. తొంభై కాస్తా సున్నా అయింది. ఆ ప్లగ్గు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) పెట్టించా. వైరు కూడా ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగి పైకెళ్ళేలా కట్టా, నీటిచుక్క జారినా వంపు దగ్గరే రాలిపోతుంది.

లైటు ఇప్పుడు రోజూ ఎనిమిది గంటలు వెలుగుతోంది. డ్రాయర్లో నిక్షేపంలాంటి డ్రైవర్లు రెండు మిగిలాయి. కావాలంటే ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తా. కాకపోతే మీ పాత డ్రైవర్‌కి మీటరు పెట్టిన ఫొటో ముందు పంపాలి, రీడింగు కనిపించేలా.